మీ ఊరి నాటకం మీద రాయడం ఎలా: సమీక్షలో ఇంటి సంగతులు ఎక్కడ, ఎంత

పరిషత్తులో, అంటే ఊళ్ళలో జరిగే నాటక పోటీల్లో, ఆడిన నాటిక తెల్లారేసరికి ఉండదు. వీడియో తీసినా, హాలు చివర స్టాండు మీద పెట్టిన కెమెరాలో మొహాలు సరిగా కనపడవు, మాటలు గోడలకు కొట్టుకుని వినపడతాయి. మర్నాడు జిల్లా పేజీలో వచ్చే నాలుగు లైన్ల వార్తలో జ్యోతి వెలిగించినవారి పేరు, శాలువా కప్పించుకున్నవారి పేరు ఉంటాయి. ఆ రాత్రి తల్లి పాత్ర ఎవరు వేశారు, హాలంతా ఎక్కడ ఊపిరి బిగబట్టింది, జనం ఎక్కడ లేచి టీ కొట్టు దారి పట్టారు అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. అది మిగలాలంటే చూసినవాళ్ళలో ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

ఇక్కడ చెప్పబోయే రాతలో రెండు పాయలు ఉంటాయి. ఒకటి నాటకం ఎలా ఉందో చెప్పడం. రెండోది, ఆ నాటకం తాకిన రోజువారీ బతుకును దాని పక్కన పెట్టి చూడటం. ఇల్లు, వీధి, ఆఫీసు, రేషన్ షాపు మీకు బాగా తెలుసు. వేదిక మీద కట్టిన ఇంటిని ఆ తెలిసిన ఇంటితో కొలిచి చూడటమే సొంత అనుభవానికి ఇక్కడున్న పని. ఆ పని చేయని స్వగతం ఎంత బాగా రాసినా సమీక్షలో బరువే.

ముందుగా నాటకాన్ని ఎంచుకోండి

సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా గుంటూరు, ప్రకాశం, కృష్ణా, గోదావరి జిల్లాల్లో పరిషత్తులు వరసగా జరుగుతాయి. ఒక్కో సాయంత్రం రెండు మూడు నాటికలు పడతాయి. అన్నిటి మీదా రాయాలని కూర్చుంటే ఒక్కోదానికి నాలుగు వాక్యాలు వస్తాయి, అందులో మూడు కథే అయిపోతాయి. అన్నీ చూడండి, ఒకటి ఎంచుకుని రాయండి. మిగతావాటిలో ఒక నటుడో ఒక సన్నివేశమో తప్పకుండా చెప్పదగ్గది ఉంటే చివర ఒక పేరా చాలు.

హైదరాబాద్‌లో అయితే రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బంజారాహిల్స్‌లోని లామకాన్ మూడు వేరువేరు లోకాలు. పెద్ద వేదిక మీద ఆడే పద్యనాటకాన్నీ, కొద్దిమంది కూర్చునే చోట మైకు లేకుండా ఆడే ప్రయోగాన్నీ ఒకే కొలతతో చూస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

వెళ్ళేముందు కరపత్రం సంపాదించండి. అందులో సమాజం (నాటకం ఆడే బృందం) పేరు, రచయిత, దర్శకుడు, తెరవెనుక వాళ్ళు ఉంటారు. "మూలకథ" అని వేరే పేరు ఉంటే దానికింద గీత గీసుకోండి. పరిషత్తు నాటికల్లో చాలావాటికి ఏదో ఒక కథ ఆధారం. ఆ కథ దొరికితే నాటకం చూశాకే చదవండి. ముందే చదివితే చూస్తున్నంతసేపూ ఏది వదిలేశారో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

పాత నాటకానికి వెళ్తుంటే ఏ ప్రతి, ఎంత కోత అన్నది తెలుసుకోవాలి. "కన్యాశుల్కం" 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్పులు చేసి, 1909లో మళ్ళీ అచ్చు వేశారు. ఈ రెండో కూర్పును ఉన్నదున్నట్టు ఆడాలంటే ఒక రాత్రి సరిపోదు. అంటే మీరు చూసే ప్రతి ప్రదర్శనా ఎవరో ఒకరు కత్తిరించిందే. ఏ రంగాలు ఉంచారు, ఏవి తీసేశారు, తీసేసినందువల్ల మధురవాణి తెలివైన మనిషిగా మిగిలిందా, ఉత్త నవ్వుల పాత్ర అయిపోయిందా? దీని జవాబులోనే దర్శకుడి ఆలోచన బయటపడుతుంది.

హాల్లో ఎక్కడ కూర్చోవాలి

కరపత్రంలో ఏడు గంటలని ఉంటే సభ, సన్మానాలు అయ్యి తెర లేచేసరికి ఏడున్నర, ఒక్కోసారి ఎనిమిది. అయినా ఆరున్నరకే వెళ్ళండి. సెట్టు బిగించడం, మైకులు కట్టడం, లైట్లు సరిచూసుకోవడం ఆ సమయంలోనే కనపడతాయి. రెండు నాటికల మధ్య సెట్టు మార్చడానికి పదిహేను ఇరవై నిమిషాల కంటే దొరకదు. అంత గడువులో నిలబెట్టిన ఇల్లు పలచగా ఉంటే దాన్ని రంగాలంకరణ లోపం అని రాసేయకండి. చాలాచోట్ల నిర్వాహకులే అన్ని నాటికలకూ పనికొచ్చే తలుపు, కిటికీ, గోడ ముక్కలు ఇస్తారు. ఆ ఉమ్మడి సామానును ఎవరు తమదిగా చేసుకోగలిగారో చూడండి.

మొదటి రెండు వరసలు వద్దు. అక్కడ న్యాయనిర్ణేతలు ఉంటారు, పైగా అంత దగ్గరనుంచి మేకప్ గీతలు కనపడతాయి, వేదిక మీద వెనక నిలబడ్డవాళ్ళ పాదాలు కనపడవు. ఐదు నుంచి ఎనిమిదో వరస దాకా, మధ్యలో కూర్చోండి. స్పీకరు బాక్సు ఉన్న పక్కకు పోవద్దు. ఊరి మధ్య పందిరిలో ఆడే నాటకానికి ఇది మరీ ముఖ్యం: బాక్సు పక్కన కూర్చున్నవాడికి హార్మోనియం తప్ప పద్యం వినపడదు.

నోట్సు

చేతిలో ఇమిడే పుస్తకం, పెన్సిలు. సెల్‌ఫోన్‌లో రాయొద్దు, ఆ వెలుగు వెనక పది వరసలకు కనపడుతుంది, వేదిక మీద ఉన్న నటుడికీ కనపడుతుంది. చీకట్లో రాసేటప్పుడు పేజీకి నాలుగైదు మాటల కంటే ఎక్కువ పెట్టకండి, లేకపోతే ఒకదానిమీద ఒకటి పడి మర్నాడు ఏమీ అర్థం కాదు.

గంట నాటికకు పన్నెండు, పదిహేను గుర్తులు చాలు. ప్రతి గుర్తు ముందు ఒక అక్షరం వేసుకోండి: మాటకు "మా", కదలికకు "క", వెలుతురుకు "వె", సంగీతానికి "సం". ఐదో అక్షరం "ఇ". నాటకం చూస్తుండగా మీ ఇల్లో మీ వీధో ఎప్పుడు మనసులోకి వచ్చిందో ఆ క్షణానికి ఈ గుర్తు. ఏం గుర్తొచ్చిందో రాయొద్దు. వేదిక మీద ఆ సమయానికి ఏం జరుగుతోందో అది మాత్రమే రాయండి: "ఇ — చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు". ఇంటి సంగతి మీకు మర్నాడూ గుర్తుంటుంది. దాన్ని రేపిన చెప్పులు మాత్రం మర్చిపోతారు, సమీక్షకు కావలసింది అవే.

తెర లేచిన సమయం, పడిన సమయం తప్పనిసరి. నాటిక గంట దాటకూడదని పరిషత్తుల్లో మామూలుగా ఉండే నియమం. దాటితే మార్కులు పోతాయి. యాభయ్యో నిమిషం నుంచి నటులు ఒక్కసారిగా తొందరపడటం, కీలకమైన సన్నివేశం పరుగులో అయిపోవడం చాలాసార్లు జరుగుతుంది. మీ దగ్గర సమయాలు ఉంటే, ముగింపు ఎందుకు అతికినట్టు లేదో చెప్పగలరు: మొదటి రంగంలో పొరుగింటాయన హాస్యానికి పన్నెండు నిమిషాలు పోయాయి, తండ్రి నిర్ణయానికి మూడే మిగిలాయి. ముగింపు బాలేదని ఊరికే అనడంకంటే ఇది రచయితకూ దర్శకుడికీ వెయ్యి రెట్లు పనికొస్తుంది.

అదే రాత్రి చేయాల్సినవి

నాటకం అయ్యాక నటీనటుల్ని వరసగా నిలబెట్టి పరిచయం చేస్తారు. వెళ్ళిపోకండి. కరపత్రంలో వేసిన పేరుకూ ఆ రోజు వేషం వేసిన మనిషికీ తేడా ఉండొచ్చు, ఆఖరి నిమిషంలో పాత్రలు మారుతుంటాయి. ఇంటిపేరు పొడి అక్షరాలతో సహా సరిచూసుకోండి, అనుమానం ఉంటే సమాజం కార్యదర్శిని అడగండి. లైట్లు ఎవరు, మేకప్ ఎవరు, సంగీతం ఎవరు అన్నదీ అప్పుడే. ఒక కళాకారుడి పేరు తప్పు పడితే, ఆ ప్రదర్శనకు మిగిలే ఒక్క కాగితంలోనూ ఆయన లేనట్టే.

ఇంటికి చేరాక పడుకునేలోపు ఐదు వాక్యాల్లో కథ, ఒక వాక్యంలో ముగింపు, మీకు నచ్చనిది ఒకటి రాసి పెట్టండి. తీర్పు మాత్రం ఆ రాత్రి రాయొద్దు. హాల్లో చప్పట్ల వేడి చెవుల్లో ఉండగా అంతా గొప్పగానే అనిపిస్తుంది.

ఏం చూడాలి

మాటతో మొదలుపెట్టండి. మన నాటకం ముందు చెవికి సంబంధించింది.

సాంఘిక నాటికలో యాస పట్టుకోవాలి. "పల్లెటూరి యాస" అనే ఒక కలగూర భాష వేదికల మీద తయారైంది. అది ఏ ఊరిదీ కాదు. ఒకే పాత్ర ఒక వాక్యంలో "ఏటి సేస్తన్నావు" అని, తర్వాతి వాక్యంలో "ఏం జేస్తున్నవ్" అంటే ఆ మనిషి శ్రీకాకుళం వాడా, కరీంనగర్ వాడా? ఇలాంటిది దొరికినప్పుడు ఆ రెండు మాటలూ ఎత్తి చూపండి. యాస కుదరలేదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నటుడికి దిద్దుకోవడానికి ఏమీ దొరకదు. తప్పు రచయితదా నటుడిదా అన్నదీ ఆలోచించండి. మిగతా పాత్రలు నిలకడగా మాట్లాడుతూ ఒక్కరే తడబడితే నటుడిది, అందరూ కలగాపులగంగా మాట్లాడితే రాతలోనే ఉంది.

పద్యనాటకానికి వేరే చెవి కావాలి. తెలుగు పద్యంలో మాట ఒక పాదంలో మొదలై ఇంకో పాదంలో ముగుస్తుంది. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలలో ఇరవై ఒకటి. లెక్క పూర్తయిందని పాదం చివర ఊపిరి తీసుకుంటే మాట రెండు ముక్కలవుతుంది, అర్థం పోతుంది. మంచి నటుడు మాట విరిగేచోట ఆగుతాడు, రాగాన్ని దానికి తగ్గట్టు సర్దుకుంటాడు. పరీక్ష సులువే: ఆ పద్యం ఎప్పుడూ విననివాడికి ఎవరు ఎవర్ని ఏమంటున్నారో తెలిసిందా? తెలియకుండా చివరి అక్షరం మీద అర నిమిషం ఆలాపన సాగితే అది కచేరీ అయింది. శ, ష, స తేడాలు, ఒత్తులు, ళ, ణ ఎలా పలికాయో ఒక్కో ఉదాహరణ రాసుకోండి.

పద్యం పాడేవాడితోపాటు వినేవాడినీ చూడండి. రాయబారంలో కృష్ణుడు పాడుతుంటే దుర్యోధనుడు ఏం చేస్తున్నాడు? కిరీటం సర్దుకుంటున్నాడా, జనంలో తెలిసినవాళ్ళ కోసం వెతుకుతున్నాడా? "వన్స్ మోర్" వచ్చినప్పుడు అసలు పరీక్ష ఈ రెండో నటుడికే. ఒకసారి కోపం తెచ్చుకున్న మనిషి అదే పద్యానికి మళ్ళీ మొదటినుంచీ కోపం తెచ్చుకోవాలి. ఒకే నాటకంలో ఒక్కో ఘట్టానికి ఒక్కో నటుడు కృష్ణుడి వేషం కట్టడం మన సంప్రదాయం. దాన్ని వింతగా రాయకండి. ఏ కృష్ణుడు ఏ ఘట్టం చేశారో విడివిడిగా చెప్పండి.

మూలంలో లేని మాటలు వేదిక మీద చేరడం ఇంకో సంగతి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "చింతామణి" ప్రదర్శనను నిషేధించినప్పుడు, అందులో కాళ్ళకూరి నారాయణరావు రాసిందెంత, దశాబ్దాలుగా చప్పట్ల కోసం చేరిందెంత అన్న చర్చ గట్టిగా సాగింది. పాత నాటకాల హాస్యం మీద రాసేటప్పుడు పుస్తకం ముందు పెట్టుకోవాల్సిందే. కులాన్నో శరీరాన్నో నత్తినో ఆధారం చేసుకున్న నవ్వు వినిపిస్తే అది ఎవరి మాటో తేల్చుకుని, పేరు పెట్టి చెప్పండి. హాలు నవ్విందన్నది సమర్థన కాదు, అదీ రాయాల్సిన ఒక విషయం.

ఇక కదలికలు. నలుగురు పాత్రలు ఒకే గీత మీద, జనం వైపు తిరిగి నిలబడి మాట్లాడుకుంటుంటే దర్శకుడికి ఊహ లేదనిపిస్తుంది. తల ఎత్తి చూడండి. పైనుంచి మూడో నాలుగో మైకులు వేలాడుతుంటాయి. వాటికింద నిలబడితేనే మాట చివరి వరసకు వెళ్తుంది. ఆ ఇరుకులోనే మంచి దర్శకుడు మాట లేని పాత్రలను మైకు వెలుపలికి పంపి, మాట ఉన్నవాళ్ళను లోపలికి తెచ్చి బొమ్మ కడతాడు. ఇది పట్టుకుంటే దర్శకత్వం మీద మీరు రాసే పేరాలో పస ఉంటుంది.

స్త్రీ పాత్రల సంగతి కొంత వివరంగా తెలుసుకోవాలి. నాటకాలాడే మహిళలు తక్కువ. అందుకని ఒకే నటి ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాల తరఫున వేషాలు వేయడం మామూలు. ఒక్కో సమాజంతో ఆమెకు రిహార్సల్స్ మిగతావాళ్ళకంటే తక్కువ దొరుకుతాయి. ఏడుపు సన్నివేశాలు గట్టిగా ఉండి, చిన్న చిన్న ఎదురుమాటలు ఆలస్యమవుతుంటే కారణం సాధారణంగా ఇదే. ఈ పరిస్థితి తెలిసి రాయండి, కానీ అదే రాత్రి ఆమె వేసిన రెండు తల్లుల మధ్య నడకలోనో గొంతులోనో తేడా చూపించి ఉంటే దాన్ని తప్పకుండా పైకెత్తండి.

వెలుతురు, సంగీతం గురించి తక్కువలో తేల్చొచ్చు. చావుకు ఎర్ర లైటు, జ్ఞాపకానికి నీలం లైటు వేయడం అలవాటుగా మారింది. ఎక్కడైనా అలా వేయకుండా పని జరిపిస్తే చెప్పండి. ముందుకు వచ్చిన నటుడి మొహం చీకట్లో ఉంటే చెప్పండి. నేపథ్య సంగీతం మాటను మింగేసిన చోటు ఒకటి రాయండి.

సురభి వారి నాటకానికి మాత్రం ఈ భాగం చాలా పెద్దదవుతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబ నాటక సంప్రదాయంలో తెరలు, తీగలు, మాయలు నటనతో సమానం. తెర మారడానికి పట్టిన సమయం, మాయ పండిన తీరు, అది కథకు అక్కరకొచ్చిందా అన్నది పాత్రధారుల మీద రాసినంత శ్రద్ధగా రాయాలి.

ఇంటి సంగతి ఎలా తేవాలి

ఇప్పుడు నోట్సులో "ఇ" గుర్తులు బయటికి తీయండి. నాలుగైదు ఉంటాయి. ఒక్కటే ఉంచండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే: అన్నీ వాడతారు, అప్పుడు సమీక్ష డైరీ అయిపోతుంది.

ఏది ఉంచాలి? వేదిక మీది పనికీ ఇంటి పనికీ మధ్య వస్తువో చప్పుడో కదలికో ఉమ్మడిగా ఉన్నది. ఉత్త భావం ఉమ్మడిగా ఉంటే సరిపోదు. నాటికలో తండ్రి ఒంటరివాడు, మా వీధిలోనూ ఒంటరి తండ్రులున్నారు అనడం ఎవరైనా చేస్తారు.

ఉదాహరణకు ఒక నాటికలో తల్లి కొడుక్కి అన్నం పెట్టే సన్నివేశం ఉందనుకుందాం. తరచుగా కనపడే రాత ఇలా ఉంటుంది:

"తల్లి కొడుక్కి అన్నం పెట్టే దృశ్యం హృదయాన్ని ద్రవింపజేసింది. అమ్మ ప్రేమకు వెల కట్టలేం. ఈ దృశ్యం చూస్తుంటే నా బాల్యం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. నేటి యాంత్రిక జీవనంలో మనం అమ్మను మరచిపోతున్నాం."

ఇందులో నాటకం లేదు, ఇల్లూ లేదు. ఏ నాటకానికైనా అతికించొచ్చు. అదే సన్నివేశాన్ని చూసినది చూసినట్టు రాస్తే:

"మూడోసారి వడ్డించబోయినప్పుడు గరిటె గిన్నె అడుగుకు తగిలి గీసిన చప్పుడు మైకులో వినపడింది. కొడుకు వెంటనే చెయ్యి అడ్డం పెట్టి 'చాలమ్మా' అన్నాడు. ఇద్దరూ ఆ చప్పుడు గురించి మాట్లాడలేదు. నలుగురు పిల్లలున్న ఇళ్ళల్లో ఆకలి తీరిందని పొట్ట చెప్పేది కాదు, గిన్నె చెప్పేది. ఆ చప్పుడు వినపడగానే పెద్దవాడు ముందు లేచేవాడు. తల్లి మాత్రం ఎవరూ లేవకముందే 'నేను తర్వాత తింటాలే' అని ఉండేది. నటి ఆ మాట అనలేదు, గిన్నె మూత పెట్టేసింది. మూత పెట్టడంలో ఉన్న తొందర చూస్తే ఆమె ఇలాంటి వంటిల్లు తెలిసిన మనిషని నమ్మకం కలిగింది. అందుకే ఆ తర్వాత ఐదు నిమిషాల ఉపన్యాసం అక్కర్లేకపోయింది; రచయిత దాన్ని ఎందుకు ఉంచారో అర్థం కాలేదు."

రెండో పేరా ఎలా నడిచిందో గమనించండి. వేదిక మీది చప్పుడుతో మొదలై, ఇంట్లో దాని అర్థం చెప్పి, మళ్ళీ నటి చేతి దగ్గరికి వచ్చి, తీర్పుతో ఆగింది. ఇంటి సంగతి మూడు వాక్యాలే. ఆ మూడు వాక్యాల బలంతోనే చివరి విమర్శ నిలబడింది.

రాశాక ఒక పరీక్ష పెట్టండి. ఇంటి సంగతి ఉన్న వాక్యాలు తీసేసి మిగతాది చదవండి. తీర్పు చెక్కుచెదరకుండా అలాగే నిలబడితే ఆ వాక్యాలు అక్కర్లేదు. తీర్పు కుంటుపడితే వాటి పని అవి చేస్తున్నట్టు.

ఇంటికీ వేదికకూ పొంతన కుదరకపోవడం ఇంకా మంచి సరుకు. బ్యాంకు అప్పు తీర్చలేని రైతు వేదిక మీద తలపాగా విసిరికొట్టి ఆకాశం వైపు చేతులెత్తి అరుస్తాడు. నిజంగా నోటీసు అందుకున్న మనిషి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, సాయంత్రం దాకా ఇంట్లో చెప్పకుండా తిరుగుతాడు. ఈ తేడా చెప్పగలిగితే, నటుణ్ణి ఒక్క మాట కూడా నొప్పించకుండా నటనలో ఏం తగ్గిందో చెప్పినట్టే. పౌరాణికంలో అయితే ఇదే కొలత వాడకూడదు. హరిశ్చంద్రుడు కాటిలో మామూలు మనిషిలా గొణుక్కోడు. అక్కడ ఇంటి సంగతి పాత్ర ప్రవర్తనకు పోలికగా కాకుండా, ఆ రాత్రి ఆ పద్యాన్ని నోటికి చెబుతూ కూర్చున్న ముసలివాళ్ళ దగ్గరనుంచి తేవచ్చు.

మీ ఇంట్లోవాళ్ళను రాతలోకి తెచ్చేముందు వాళ్ళకు చదివి వినిపించండి. ఊరు చిన్నది. "మా పక్కింట్లో ఒక కోడలు" అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. పొరుగువాళ్ళ కలహం, జబ్బు, అప్పు, పెళ్ళి చెడిపోవడం రాయొద్దు. అలాంటి సంగతి తప్పనిసరి అనిపిస్తే మనుషుల్ని తీసేసి వస్తువును ఉంచండి: మడత పెట్టిన నోటీసు చాలు, ఎవరి జేబులోదో అక్కర్లేదు.

కూర్చుని రాసేటప్పుడు

ఎనిమిది వందల మాటలు మంచి కొలత. వేదిక మీది ఒక క్షణంతో మొదలుపెట్టండి, ఎనభై మాటల్లో. మీరు హాలుకు ఎలా వెళ్ళారు, వానొచ్చిందా, బస్సు దొరికిందా అన్నదానితో మొదలుపెట్టొద్దు; చదివేవాడు నాటకం కోసం వచ్చాడు. వెంటనే రెండో పేరాలో ఏ సమాజం, ఎక్కడ, ఏ తేదీన, రచన, దర్శకత్వం, అరవై మాటల్లో. కథకు వంద మాటలు దాటనివ్వొద్దు. పరిషత్తు నాటిక ఒక ఊరితో ఆగదు, ఆ సీజనంతా వేరే ఊళ్ళలో ఆడుతూనే ఉంటుంది. కాబట్టి ముగింపు చెప్పేయకండి. మిగిలిన దాంట్లో మూడున్నర వందల మాటలు నటన, దర్శకత్వం, రచన మీద, నూటయాభై ఇంటి సంగతికి. అరవై మాటలు తెరవెనుక వాళ్ళకు, తర్వాత ప్రదర్శన ఎక్కడో తెలిస్తే దానికి.

అందరి గురించీ రాయాలన్న మొహమాటం పెట్టుకోకండి. "తమ తమ పాత్రలకు న్యాయం చేశారు" అనే వాక్యం చెరిపేయండి. దానివల్ల ఎవరికీ న్యాయం జరగదు. "జీవించారు", "ఒదిగిపోయారు", "కట్టిపడేశారు", "రక్తి కట్టించారు" కూడా అంతే. వాటి బదులు ఏం చేశారో రాయండి, ఆ మెచ్చుకోలు పాఠకుడే పూర్తిచేసుకుంటాడు.

పగలు ఆఫీసులోనో బడిలోనో పనిచేసి రాత్రి రిహార్సల్ చేసిన మనుషుల మీద రాస్తున్నారు. అది రాతలో మర్యాదకు కారణం కావాలి, మార్కులు పెంచడానికి కాదు. మెచ్చుకున్నా తప్పుపట్టినా ఒక సన్నివేశం చూపించి చేయండి. బాలల నాటికలో తప్పులు పిల్లల పేర్లతో రాయొద్దు, నేర్పిన పెద్దవాళ్ళకు చెప్పండి. మీ బంధువు వేషం వేస్తే ఆ సంగతి రాతలోనే చెప్పేయండి. ఆ రోజు మీరే వేదికెక్కి శాలువా కప్పించుకుంటే ఆ నాటకం మీద రాయొద్దు, ఇంకెవరినైనా రాయమనండి.

అచ్చయ్యాక

ప్రతిని సమాజానికి పంపండి. పేరు తప్పు పడిందని ఫోనొస్తే అదే రోజు దిద్దండి. అభిప్రాయం నచ్చలేదని వస్తే వినండి, కొత్త సంగతి తెలిస్తే తర్వాతి రాతలో చేర్చండి. మొహమాటానికి మాత్రం మార్చొద్దు.

అదే నాటిక రెండు మూడు నెలల తర్వాత దగ్గర్లో ఇంకో పరిషత్తుకు వస్తే మళ్ళీ చూడండి, ఈసారి చివరి వరసల్లో కూర్చుని. పాత నోట్సు పక్కన పెట్టుకుని ఏ మాట తగ్గింది, ఏ నటుడు మారాడు, ఆ ఐదు నిమిషాల ఉపన్యాసం ఇంకా ఉందా అన్నవి చూసి, రెండు వందల మాటల చేర్పు రాయండి. కరపత్రం వెనక తేదీ, హాలు, తెర లేచిన సమయం, పడిన సమయం రాసి, మీ నోట్సు పేజీలతో కలిపి ఒకే కవరులో పెట్టండి. కవరు మీద సమాజం పేరు, సంవత్సరం ఉండాలి. పదేళ్ళ తర్వాత ఆ సమాజం వాళ్ళే తమ నాటిక మొదట ఎవరు ఆడారో తెలుసుకోవడానికి దాన్ని అడగొచ్చు.